చెలియలికట్ట దాటి వచ్చేవి

పోయిన నెల ఈ పేజీలో ఒక పాఠకురాలు హారర్ నవలలు చదవచ్చా అని అడిగారు. చదవచ్చని చెప్పి, సముద్రంలోంచి భయంకరమైన ప్రాణులు ఊళ్ళ మీదికొచ్చే నవలలంటే నాకు ప్రాణమని చివర్లో ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలొస్తాయనుకోలేదు. ముప్పై ఏళ్ళు శాఖా గ్రంథాలయంలో పనిచేసినా ఈ రకం పుస్తకాల గురించి నన్నడిగినవాళ్ళు పదిమంది లేరు. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

* * *

మేడమ్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సొర చేపల సినిమాలు చాలా చూశాను గానీ పుస్తకంగా ఒక్కటీ చదవలేదు. దేనితో మొదలుపెట్టమంటారు? పెద్ద పుస్తకమైతే టైమ్ దొరకదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

హెచ్.జి.వెల్స్ 1896లో రాసిన ‘ద సీ రైడర్స్’తో మొదలుపెట్టండి బాబూ. అది నవల కాదు, కథ. ఒక్క పూటలో అయిపోతుంది.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సిడ్మత్ అనే ఊరు. టీ వ్యాపారం చేసి రిటైరైన ఫైసన్ అనే పెద్దాయన కొండ అంచున నడుస్తుంటాడు. నీళ్ళు బాగా వెనక్కి తీసి ఉన్నాయి. కింద రాళ్ళ మధ్య ఏదో గులాబీ రంగులో మెరుస్తోంది, దాని చుట్టూ పక్షులు తిరుగుతున్నాయి. ఏమిటో చూద్దామని దిగుతాడు. దగ్గరికెళ్ళేసరికి అర్థమవుతుంది, అక్కడ కొన్ని ప్రాణులు ఒక మనిషి శవాన్ని తింటున్నాయని. అప్పుడాయన ఏం చేస్తాడో చూడండి. పారిపోడు. అరుస్తాడు, రాయి తీసుకుని విసురుతాడు. మనం కుక్కల్ని అదిలించినట్టే. నేల మీద బతికినవాడికి తెలిసిన విద్య అదొక్కటే. అవి బెదరవు. ఆయన వైపే రావడం మొదలుపెడతాయి. ఈ కథ చదివి నలభై ఏళ్ళు దాటింది. ఆ రాయి విసరడం మాత్రం నేను మరిచిపోలేదు.

నీళ్ళలో ఉన్న మొసలి ఏనుగును లాగేస్తుంది, బయటికొస్తే కుక్క చేతిలో కూడా ఓడిపోతుంది, అదంతా స్థానబలిమి అన్నాడు మన వేమన. ఈ కథలన్నీ ఆ పద్యం తప్పితే ఏమవుతుందని అడుగుతాయి. నీళ్ళలో ఉండాల్సింది నేల మీదికొచ్చినా దాని బలం తగ్గకపోతే? మన భాషలో చెలియలికట్ట అని ఒక మంచి మాట ఉంది. సముద్రం దాటకూడని హద్దు అది. ఈ నవలల్లో భయమంతా ఆ కట్ట దగ్గరే ఉంటుంది. ప్రాణికి ఎన్ని కాళ్ళు, ఎన్ని పళ్ళు అన్నది తర్వాతి మాట.

వెల్స్ నచ్చితే జాన్ విండమ్ 1953లో రాసిన ‘ద క్రాకెన్ వేక్స్’ తీసుకోండి. నన్నడిగితే ఈ కోవలో దాన్ని మించింది లేదు. ఆకాశం నుంచి నిప్పు ముద్దలు లోతైన సముద్రాల్లో పడతాయి. కొన్నాళ్ళకి ఓడలు మునుగుతాయి. ఆ తర్వాత ఒక రాత్రి ఒక చిన్న ద్వీపం మీది ఊళ్ళోకి సముద్రంలోంచి బూడిద రంగు దిమ్మల్లాంటివి పాక్కుంటూ వస్తాయి. వాటి మీద బుడగల్లా ఉబ్బి, పగిలి, తెల్లటి జిగురు తీగలు బయటికి చిమ్ముతాయి. తగిలినవాళ్ళని తగిలినట్టే అంటించుకుని, ముద్ద చేసి నీళ్ళలోకి దొర్లించుకుపోతాయి. వాటిని పంపిస్తున్నది ఎవరో పుస్తకం అయిపోయినా మనకు కనిపించదు. చివరి భాగంలో ధ్రువాల మంచు కరిగి, సముద్రమట్టం పెరిగి లండన్ మునుగుతుంది. డాక్టర్ బాకర్ అనే సైంటిస్టు మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉంటాడు. ప్రభుత్వం వినదు, పేపర్లవాళ్ళు ఎగతాళి చేస్తారు. 1953లో రాశాడీ సంగతి.

వానాకాలం రాత్రి ఏమీ ఆలోచించకుండా చదువుకోవడానికైతే గై ఎన్. స్మిత్ రాసిన ‘నైట్ ఆఫ్ ద క్రాబ్స్’ ఉంది. 1976లో వచ్చింది. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు తీరంలో బార్మత్ దగ్గర పెద్ద పెద్ద పీతలు ఊళ్ళ మీదికొస్తాయి. రాత అంత గొప్పదేం కాదు. అయినా పీత డెక్కలు చీకట్లో టకటకమనే చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోతుంది.

* * *

అక్కయ్యగారూ, మా అబ్బాయికి పదమూడేళ్ళు. సెలవుల్లో సొర చేప నవల ఒకటి చదివాడు. అప్పట్నుంచి ఆర్కే బీచ్‌లో పాదాలు కూడా తడపడం లేదు. పిల్లలంతా ఏడిపిస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పుస్తకాలు దాచేయనా?
– ఒక తల్లి, విశాఖపట్నం

దాచకమ్మా. దాస్తే పుస్తకం అక్కడితో ఆగుతుంది, భయం ఆగదు. సగంలో వదిలేసిన హారర్ పుస్తకం పూర్తిగా చదివినదానికంటే ఎక్కువ భయపెడుతుంది.

ఇంకో మాట. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ఎంతమందిని పొట్టన పెట్టుకున్నాయో మీకు తెలుసు. అక్కడ నీళ్ళలోకి దిగడానికి వెనకాడే పిల్లాణ్ణి చూసి దిగులుపడకండి. వాడి జాగ్రత్త మంచిదే, కారణమే తప్పు. అది మార్చవచ్చు.

ఒకరోజు తెల్లారుజామున వాణ్ణి ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళండి. బోట్లు దిగే వేళకి బుట్టల్లో చిన్న సొరలు కనిపిస్తాయి. ముట్టుకోనివ్వండి. తోక నుంచి తల వైపు చెయ్యి రాస్తే గరుకు కాగితంలా ఉంటుంది, తల నుంచి తోక వైపు రాస్తే జారిపోతుంది. బాలింతకి పాలు పడతాయని పాలసొర వండిపెట్టే ఊళ్ళమ్మా మనవి. వాడు పుట్టినప్పుడు మీరూ తినే ఉంటారు. తిని ఉంటే ఆ సంగతి వాడికి చెప్పండి.

1974లో ‘జాస్’ నవల రాసిన పీటర్ బెంచ్లీ కథ కూడా చెప్పండి. ఆ పుస్తకం, తర్వాత వచ్చిన సినిమా చూసి జనం సొరల్ని పగబట్టినట్టు వేటాడారు. సొరల గురించి తెలిశాక, ఇప్పుడైతే అలాంటి పుస్తకం రాయలేనన్నాడాయన. 2006లో చనిపోయేదాకా సొరల్ని కాపాడమనే తిరిగాడు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి సొరలు చంపే మనుషులు సగటున పదిమంది లోపే. మనుషులు చంపే సొరలు సుమారు 10 కోట్లని అంచనా.

2021 డిసెంబరులో మీకు దగ్గర్లోనే, తంతడి తీరంలో వలలో చిక్కి ఒడ్డుకొచ్చిన తిమింగల సొరను మత్స్యకారులూ అటవీశాఖవాళ్ళూ కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపించారు. చేపల్లో అన్నిటికంటే పెద్దది అదే. సముద్రంలోంచి పెద్ద ప్రాణి ఒడ్డుకొస్తే ఊరు ఏం చేసిందో చెప్పే నిజం కథ అది. మీవాడికి ముందు అది చెప్పండి.

* * *

అమ్మమ్మగారూ, నేను ఎనిమిదో తరగతి. పీత లారీ అంత పెరగగలదా? పెరగదని మా సైన్స్ సార్ అన్నారు. ఎందుకో చెప్పేలోపు బెల్ కొట్టేశారు.
– ఒక విద్యార్థిని, నెల్లూరు

సార్ చెప్పింది నిజం తల్లీ. ఒక పీతను పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదేసి రెట్లు పెంచామనుకో. బరువు పది పదుల వంద, వంద పదుల వెయ్యి రెట్లవుతుంది. కానీ బరువు మోసే కాలును అడ్డంగా కోసి చూస్తే దాని వైశాల్యం వంద రెట్లే పెరుగుతుంది. అంటే ప్రతి కాలి మీదా పది రెట్ల భారం పడినట్టు. రెండడుగులు వేసేలోపు కూలబడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పీత పెరగాలంటే పాత పెంకు వదిలేయాలి. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది. చిన్న పీత రాయి కింద దాక్కుంటుంది. లారీ అంత పీత ఒడ్డు మీద పెంకు వదిలితే తన బరువుకి తనే చితికిపోతుంది.

నిజంగా ఉన్నవాటిలో పెద్దది జపాన్ సాలీడు పీత. కాళ్ళు చాపితే ఆ చివర నుంచి ఈ చివరికి 3.7 మీటర్లు ఉంటుంది, బరువు మాత్రం 19 కిలోల దాకానే. దాన్ని నీళ్ళు మోస్తాయి కాబట్టి అంత కాళ్ళు సాధ్యం. నేల మీద బతికేవాటిలో పెద్దది కొబ్బరి పీత. మన నికోబార్ దీవుల్లో ఉంది, కొబ్బరిచెట్లెక్కుతుంది, నాలుగు కిలోలు తూగుతుంది. పెద్దదయ్యాక దాన్ని సముద్రంలో ముంచితే చచ్చిపోతుంది!

ఆక్టోపస్‌కి చుట్టమైన, పన్నెండు పదమూడు మీటర్ల రాక్షస స్క్విడ్ మాత్రం నిజంగానే ఉంది. బతికి ఉన్నదాన్ని అది తిరిగే చోట మొదటిసారి ఫొటో తీసింది 2004లో, జపాన్ వాళ్ళు. అప్పటిదాకా ఎక్కువగా ఒడ్డుకి కొట్టుకొచ్చిన కళేబరాలే ఆధారం. ఈ లెక్కలన్నీ తెలిశాక కూడా రాత్రిపూట ఆ పీతల నవల చదివితే నాకు భయమేస్తుంది. నీకూ వేస్తుంది, ఫరవాలేదు.

* * *

మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. ఇక్కడ మటవాన్ అనే ఊళ్ళో వందేళ్ళ కిందట సొర చేప వాగులోకి వచ్చి మనుషుల్ని చంపిందంటారు. నిజమేనా? ‘జాస్’ నవల దాన్ని బట్టి రాసిందేనా?
– ఒక తెలుగు కుటుంబం, ఎడిసన్

జరిగింది నిజం. 1916 జూలై 1 నుంచి 12 లోపు మీ న్యూజెర్సీ తీరంలో సొర దాడుల్లో నలుగురు పోయారు, ఒక అబ్బాయి గాయాలతో బతికాడు. మటవాన్ దగ్గరున్నది పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళు ఎక్కే పాయ. రిటైరైన ఒక ఓడ కెప్టెన్ వంతెన మీది నుంచి సొరను చూసి, ఊళ్ళోకి పరుగెత్తి చెప్పాడు. వాగులో సొరేమిటని ఎవరూ నమ్మలేదు. కాసేపటికే పదకొండేళ్ళ పిల్లాణ్ణి లాగేసింది. ఆ పిల్లాడి కోసం నీళ్ళలో దిగిన ఊరి దర్జీ కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు.

బెంచ్లీకి నవల ఆలోచన వచ్చింది మాత్రం వేరే వార్తతో. 1964లో లాంగ్ ఐలండ్ దగ్గర ఒక జాలరి 4,550 పౌన్ల తెల్ల సొరను పట్టాడన్న వార్త అది. రెండు వేల కిలోల పైమాటే. అలాంటిది ఊరి ముందుకొచ్చి, వెళ్ళకుండా అక్కడే ఉంటే? అదీ ఆలోచన. నవల్లో సొర ఒడ్డెక్కదు. ఎక్కాల్సిన అవసరమూ లేదు. సీజన్ పోతుందని బీచ్ మూయనివ్వని మేయరు ఉన్నాడు, వార్త వేయని పేపరు ఎడిటరు ఉన్నాడు. మటవాన్‌లో కెప్టెన్ మాట నమ్మని జనానికీ వీళ్ళకీ ఒక్కటే తేడా. వాళ్ళకి తెలియదు, వీళ్ళకి తెలుసు.

* * *

అమెరికన్ హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ రాసిన ఇన్స్‌మత్ ఊరు నిజంగా ఉందా?
– ఒక డిగ్రీ లెక్చరర్, గుంటూరు

లేదండి. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌ను 1931లో చూసొచ్చి, అదే ఏడాది చివర్లో ‘ద షాడో ఓవర్ ఇన్స్‌మత్’ రాశాడు. సముద్రపు ప్రాణులతో రక్తం కలిసిపోయిన ఒక రేవు ఊరి కథ అది. 1936లో పుస్తకంగా వచ్చింది. ఆయన బతికుండగా పుస్తకంగా అచ్చయిన కథ అదొక్కటే. పాడుబడ్డ రేవు, తలుపులు బిగించిన ఇళ్ళు, రెప్ప వేయని కళ్ళున్న మనుషులు. ఆ వాతావరణం కట్టడంలో ఆయనకు సాటి లేరు. అయితే ఆ భయం అడుగున ఉన్నది పరాయి జాతి రక్తం కలుస్తుందేమోనన్న అసహ్యం. అది నన్ను బాధపెడుతుంది. క్లాసులో చెప్పేటప్పుడు ఆ సంగతి దాటేయకండి.

* * *

అమ్మా, మాది ఉప్పాడ. నాన్న బోటు మీద కలాసీ. నేను డిగ్రీ ఫైనలియర్. సముద్రంలోంచి ఒక ప్రాణి మా ఊరి మీదికొచ్చే నవల తెలుగులో రాస్తున్నాను. మా నానమ్మకి చదివి వినిపిస్తే ఏడ్చేసింది. ‘గంగమ్మ తల్లి అన్నం పెడుతుంటే రాక్షసిని చేస్తావేంట్రా’ అంది. రాయనా, మానేయనా?
– ఒక పాఠకుడు, ఉప్పాడ

ఈ ఉత్తరం నాలుగుసార్లు చదివాను బాబూ. మానేయొద్దు. నానమ్మ అన్న మాటనే నీ నవలకి నడుం చేసుకో.

నేను పైన చెప్పిన పుస్తకాలన్నిటిలో ఒక కొరత ఉంది. వాటిలో సముద్రం ఎక్కువగా చూడ్డానికొచ్చినవాళ్ళ సముద్రం. సెలవులకి వచ్చినవాళ్ళు, కొండ మీద షికారు చేసేవాళ్ళు, విలేకరులు. రోజూ దాని మీద కూడు తినేవాళ్ళు పక్క పాత్రలు. నీ ఇంట్లో అలా కాదు. అన్నం పెట్టేదీ అదే, ఇల్లు తినేదీ అదే. మీ ఊళ్ళో ఎన్ని వీధులు నీళ్ళలో కలిశాయో, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో నీకు నేను చెప్పాలా! అమ్మ ఇంట్లోకే వచ్చి ఒక్కొక్క గోడా తీసుకుపోతుంటే కొడుకు ఏమనుకోవాలి? వెల్స్‌కి గానీ విండమ్‌కి గానీ తట్టని ప్రశ్న ఇది.

నా సంగతి ఒకటి చెప్తాను. ఎవరికీ రాసి చెప్పలేదు ఇప్పటిదాకా. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మేం కాస్త ఎగువన ఉన్నాం, బతికాం. నాగాయలంక వైపు మా మేనత్తగారి ఊరు. నీళ్ళు తీశాక నాన్న నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు, ఇంట్లో వదిలి రావడానికి మనిషి లేక. అత్తయ్య లేదు. పదివేలమంది పైనే పోయారని తర్వాత లెక్కలు చెప్పాయి. నాకు తెలిసిన లెక్క ఆవిడొక్కతే. ఇల్లు సగం నిలబడి ఉంది. గోడ మీద నాన్న తల కంటే ఎత్తున నీళ్ళ గీత. వంటింట్లో పొయ్యి అలాగే ఉంది, బూడిద ఉండాల్సిన చోట ఇసుక. నేను వంగి చూశాను. పొయ్యి లోపల ఒక పీత. నా అరచేయంత కూడా లేదు. ఒక డెక్క పైకెత్తి నన్ను చూస్తోంది, తన ఇల్లే అన్నట్టు.

ఆ తర్వాత వేల పేజీల హారర్ చదివాను. రాక్షస పీతలు పట్టణాలు కూల్చాయి, స్క్విడ్లు ఓడలు మింగాయి. ఆ పొయ్యిలో పీతను చూసినప్పటి వణుకు మళ్ళీ రాలేదు. నీ ప్రాణి కొండంత ఉండక్కర్లేదు. ఉండకూడని చోట ఉంటే చాలు. ఎక్కడ ఉండకూడదో నీకూ మీ నానమ్మకీ తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మనకి ఇలాంటి కథలు లేవని నీ ఉత్తరం చివర్లో రాశావు, అది సరికాదు. సుందరకాండలో హనుమంతుడి నీడను పట్టి లాగిన సింహిక ఉంది. నీడను పట్టుకోవడం! ఆ ఊహకి సాటి వచ్చేది ఏ నవల్లోనూ నేను చదవలేదు. తిమింగలం అన్న మాట విడదీసి చూడు. తిమి అనే మహామత్స్యాన్నే మింగేది తిమింగిలం, దాన్ని కూడా మింగేది ఉందని తిమింగిలగిలం అన్నారు. భయం మన మాటల్లోనే ఉంది.

వేట మాటలు మాత్రం వదలకు. సరంగు, కలాసీ, పోటు, పాటు, మొగ, ఇవన్నీ మీ ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే రాయి. పీతను పీత అనే రాయి. గాలి మారిందని నాన్నకి ముందు దేని వల్ల తెలుస్తుంది, చెవి వల్లా ఒంటి వల్లా? అడిగి రాసుకో. జర్మన్ రచయిత ఫ్రాంక్ షెట్జింగ్ 2004లో ‘ద స్వార్మ్’ అని బ్రహ్మాండమైన నవల రాశాడు. అందులో సముద్రం అడుగు జారి పెద్ద అల లేచి ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళను ముంచుతుంది. అదే ఏడాది డిసెంబరు 26న మన వైపు నిజం సునామీ వచ్చింది. ఆయన ఎంత సైన్స్ చదివి రాశాడో ప్రతి పేజీలో కనబడుతుంది. నువ్వు చదవాల్సిన సైన్స్ మీ ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంది.

నానమ్మతో ఇలా చెప్పు. తల్లిని రాక్షసిని చేయడం లేదు, తల్లి ఎందుకు హద్దు దాటాల్సి వచ్చిందో అడుగుతున్నానని. ఆవిడేం చెప్తుందో అది ఆవిడ మాటల్లోనే నవల్లో పెట్టు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. నాన్న ఇంట్లో ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ. పక్కన కూర్చుని రాయి. మొదటి అధ్యాయం అవగానే పత్రిక చిరునామాకి నా పేరున పంపించు. ఫెయిర్ కాపీ అక్కర్లేదు, కొట్టివేతలు ఉన్నదే పంపు.